చీటీ చేతికిస్తే కంటి పరీక్ష ముగిసినట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

షుగర్ ఉన్నవారి కంటి ఫోటోను చూసి, రెటీనాకు (కంటి లోపలి వెనక పొరకు) వచ్చే జబ్బును నిమిషాల్లో పసిగట్టే కృత్రిమ మేధ పరికరాల గురించి ఈమధ్య పత్రికల్లో తరచూ చదువుతున్నాను. ప్రభుత్వ దవాఖానల్లో కంటి సహాయకుడిగా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందినవాడిగా, ఆ వార్తల్లో కనిపించని ఒక సంగతిని మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను. ఫోటోను చదవడంలో యంత్రానికి ఉన్న నేర్పును నేను శంకించడం లేదు. నా బాధంతా ఆ ఫోటోను తీసే చోటు గురించీ, ఆ తర్వాత రోగి చేతిలో పెట్టే చీటీ గురించీ.

యంత్రం పనితనాన్ని తక్కువ చేయలేం. గూగుల్ పరిశోధకులు 2016లో లక్షా 28 వేలకు పైగా రెటీనా చిత్రాలతో తమ పద్ధతికి శిక్షణ ఇచ్చారు. ఆ చిత్రాల్లో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయల నుంచి వెళ్లినవీ ఉన్నాయి కాబట్టి, మనవాళ్ల కళ్లు దానికి కొత్త కాదు. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే మరో పరికరాన్ని అనుమతించింది. 900 మందిపై జరిపిన పరీక్షలో, జబ్బు కాస్త ముదిరినవారిని అది నూటికి 87 మంది చొప్పున పట్టుకుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా కట్టింది. ఇంతమంది రెటీనాలను ఏటా ఒకసారి చూడాలంటే ఉన్న కంటి డాక్టర్లు ఏమాత్రం చాలరు గనుక ఈ పరికరాలు అవసరమేనని, పైగా ఆలస్యంగా వచ్చాయని కూడా నేను ఒప్పుకుంటాను.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అక్కకు డెబ్బై దాటాయి, షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. నిరుడు ఎండాకాలంలో వాళ్ల ఊరి బడి ఆవరణలో షామియానా వేసి కంటి శిబిరం పెట్టారు. మిట్టమధ్యాహ్నం వేళ, చుట్టూ వెలుతురులో, చేతిలో పట్టుకునే చిన్న కెమెరాతో ఆమె కళ్లను ఫోటో తీశారు. ఫోటో సరిగా రాలేదని, మళ్లీ తీయాలని యంత్రం నాలుగుసార్లు అడిగిందట. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టేసరికి, తీస్తున్న అమ్మాయి ఒక చీటీ అచ్చువేసి ఇచ్చి పంపేసింది. దసరాకు వెళ్లినప్పుడు రేషన్ కార్డు కవరులో ఆ చీటీ నా కంటపడింది. దాని మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నవి రెండే మాటలు: అన్‌గ్రేడబుల్, రిఫర్. ఫోటో పనికిరాలేదు, పెద్ద దవాఖానకు వెళ్లి చూపించుకోవాలి అని దాని అర్థం. అక్కను అడిగితే, "మిషిన్లనే చూసిన్రు గదా తమ్మీ, ఏమన్న ఉంటే అప్పుడే చెప్పేటోళ్లు" అంది. కంటిపాప విప్పారే చుక్కల మందు వేయించి చూపిస్తే కుడికంట్లో శుక్లం, ఎడమకంటి రెటీనాలో రక్తపు మరకలు బయటపడ్డాయి.

ఆ అమ్మాయిని తప్పుపట్టను, నేనైనా ఆ షామియానా కింద అంతకంటే మంచి ఫోటో తీయలేను. చుక్కల మందు లేకుండా ఫోటో తీయాలంటే గది చీకటిగా ఉండాలి, అప్పుడే కంటిపాప విప్పారుతుంది. వయసు పైబడ్డవారికి, అందులోనూ ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి చీకట్లో కూడా అది అంతంతమాత్రంగానే విచ్చుకుంటుంది. ఆపైన శుక్లం ఉంటే మసక అద్దంలోంచి చూసినట్టే. అంటే పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వారి ఫోటోలే ఎక్కువగా పాడవుతాయి. థాయిలాండ్‌లో గూగుల్ పరికరాన్ని 11 ప్రభుత్వ క్లినిక్‌లలో వాడినప్పుడు 1,838 చిత్రాల్లో దాదాపు 21 శాతాన్ని నాణ్యత లేదని యంత్రం తిప్పికొట్టిందని 2020లో ఆ బృందమే రాసింది. ఫోటో పనికిరాని రోగులను వేరే చోటికి వెళ్లమనాల్సి రావడం, కూలి పోగొట్టుకుని ఇంకో రోజు రమ్మనడం అక్కడి నర్సులకు ఇబ్బందిగా మారిందట. లక్షల చిత్రాల మీద నేర్చుకున్న యంత్రానికి కిటికీకి పరదా లేని గది అడ్డుపడింది.

బాగుందని వచ్చిన చీటీతోనూ చిక్కు లేకపోలేదు. అది షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు ఒక్కదాని గురించే చెబుతుంది. అదే మనిషికి నీటికాసులు మొదలై ఉండవచ్చు, కంటి నరం మెల్లగా దెబ్బతింటూ ఉండవచ్చు. ఆ ఒక్క జబ్బు కోసమే తయారైన పరికరం ఆ ఊసెత్తదు, రోగి మాత్రం కళ్లన్నీ బాగున్నాయనుకుని ఇంటికి వెళతాడు.

మన తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాలను జనం ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. దగ్గరి చూపు తగ్గినవారికి అక్కడికక్కడే అద్దాలు పెట్టి పంపారు, అంటే చికిత్స కూడా శిబిరంలోనే అయిపోయింది. రెటీనా జబ్బుకు ఆ వీలు లేదు. చీటీ అందిన రోజు నుంచే అసలు పని మొదలవుతుంది. జిల్లా కేంద్రానికి బస్సు, వెంట ఒక తోడు, చుక్కల మందు వేశాక కొన్ని గంటలపాటు మసక, ఆపైన లేజరో ఇంజెక్షన్లో, మళ్లీ మళ్లీ తిరగడం. నొప్పి లేని జబ్బుకు ఇన్ని తిప్పలు పడమని ఎవరైనా ఇంటికెళ్లి నచ్చజెప్పకపోతే ఎవరూ కదలరు. ఆ నచ్చజెప్పే పని చివరికి ఆశా కార్యకర్త నెత్తినే పడుతుంది. ఇప్పటికే ఆమె ఫోనులో ఎన్ని యాప్‌లున్నాయో ఒకసారి అడిగి చూడండి.

అందువల్ల శిబిరాలు నడిపేవారు ఎంతమందిని పరీక్షించారో చెప్పి ఊరుకోకూడదు. ఎందరి ఫోటోలు పనికిరాలేదో, పెద్ద దవాఖానకు పంపినవారిలో ఎందరు నిజంగా చేరారో, ఎందరికి లేజర్ పడిందో జిల్లాల వారీగా ప్రకటించాలి. ఈ చివరి లెక్క ఇవ్వలేని సంస్థకు మరుసటి ఏడాది అనుమతి ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం. ఇది కొందరికి కఠినంగా తోచవచ్చు. ప్రతి శిబిరంలో ఒక చీకటి గది, చుక్కల మందు, అది వేయడం తెలిసిన మనిషి ఉండాలి. ఫోటోలు ఎక్కడికి వెళుతున్నాయో, ఎవరి దగ్గర ఉంటాయో కూడా ముందే చెప్పాలి. మా అక్క ఫోనుకు వచ్చిన ఓటీపీ దేనికో ఆమెకు ఈనాటికీ తెలియదు.

చీటీ విషయం మాత్రం వీటన్నిటికంటే చవక. "మీ కంటి ఫోటో సరిగా రాలేదు. జబ్బు లేదని దీని అర్థం కాదు. నెలలోపు ఫలానా దవాఖానలో, ఫలానా రోజుల్లో చూపించుకోండి" అని పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చువేయడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు. వచ్చే ఎండాకాలం శిబిరాలు మొదలయ్యేలోగా ఆరోగ్య శాఖ అధికారులు ఈ ఒక్క కాగితాన్నైనా మార్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత కంటి సహాయకుడు,
నల్గొండ జిల్లా