కిల్కెన్నీ గోతుల నుంచి: ఐర్లాండ్ వారసత్వ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కర్నూలు జిల్లాలో పుట్టి, ఉద్యోగరీత్యా మీ దేశంలో స్థిరపడిన తెలుగువాడిని. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. అయినా ముందు తెలుగులోనే రాసుకున్నాను. కరువు చావుల గురించి నేను మొదట విన్నది ఈ భాషలోనే.

కిల్కెన్నీలో నేడు దుకాణ సముదాయంగా మారిన పాత రాతి భవనం 1842లో వర్క్‌హౌస్‌గా తెరుచుకుంది. తిండికి గతిలేని కుటుంబం అక్కడ చేరితే భర్తను ఒకచోట, భార్యను ఒకచోట, పిల్లలను మరోచోట ఉంచి, చాకిరీ చేయించి కడుపుకింత పెట్టేవారు. దిక్కులేనివారు తప్ప మరెవరూ ఆ గడప తొక్కకూడదన్నదే ఆ ఏర్పాటులోని ఉద్దేశం. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకాక దిక్కులేనివారే ఊళ్లకు ఊళ్లు అయ్యారు. సుమారు 1,300 మంది కోసం కట్టిన ఆ వర్క్‌హౌస్ మీద 1851 నాటికి ఆధారపడినవారు నాలుగు వేలు దాటారు.

ఆ ఆవరణలో శ్మశానం ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. కొత్త నిర్మాణాల సందర్భంగా అది బయటపడింది. 2006లో పురావస్తు శాస్త్రవేత్తలు పద్ధతిగా తవ్వితే, 1847 నుంచి 1851 వరకు పూడ్చిన కనీసం 970 మంది అవశేషాలు 63 గోతులలో కనిపించాయి. వారిలో సగానికి పైగా పిల్లలే. గోతిలో ఒకరిమీద ఒకరిని పేర్చవలసి వచ్చినా, దాదాపు ప్రతి ఒక్కరినీ చెక్కపెట్టెలో పెట్టే పూడ్చారు. అంతటి విపత్తులోనూ పెట్టె లేకుండా మట్టి చేయడానికి మనసొప్పని మనుషులెవరో అక్కడ ఉన్నారు. ఏ చరిత్ర పుస్తకమూ నాకు చెప్పని ఈ మాటను ఆ మట్టి చెప్పింది.

ఎముకలు ఇంకా చెప్పాయి. దుంపలతో అందే సి విటమిన్, వాటికి బదులుగా పెట్టిన మొక్కజొన్న జావలో లేకపోవడం వల్ల కలిగే స్కర్వీ వ్యాధి జాడలు ఎంతోమందిలో ఉన్నాయి. పళ్లకు పట్టిన గారలో మొక్కజొన్న, ఓట్స్ ధాన్యం, పాల ఆనవాళ్లు దొరికాయి. కొందరి పళ్ల మధ్య మట్టి చుట్టగొట్టం పట్టి పట్టి అరిగిన గుండ్రటి సందు ఉంది. రోజంతా కాయకష్టం చేసి సాయంత్రం పొగ పీల్చుకునే మా ఊరి పెద్దలు నాకు గుర్తొచ్చారు.

మా సీమలో 1876–78 నాటి కరువును ధాత కరువు అంటారు. అప్పుడూ పాలకులు అదే బ్రిటిష్ వారు. సాయం సులువుగా అందితే జనం సోమరులవుతారన్న నమ్మకమూ అదే. 1877లో కరువు సాయాన్ని పర్యవేక్షించడానికి ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్, బరువు పని చేసే మగమనిషికి కూడా రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి డబ్బులు చాలునన్నారు. అందుకే కిల్కెన్నీ గోతులను పరాయివాడిలా చూడలేకపోతున్నాను.

అధ్యయనం ముగిశాక, 2010లో ఆ అవశేషాలను అదే ఆవరణలోని స్మారక వనంలో ప్రార్థనలతో తిరిగి పూడ్చారు. అది మీ దేశం చేసిన గొప్ప పని. అయితే ఐర్లాండ్ ద్వీపమంతటా కట్టిన వర్క్‌హౌస్‌లు 163. మీ పరిధిలోని ప్రతి వర్క్‌హౌస్ స్థలంలోనూ, నిర్మాణ అనుమతి అడిగేదాకా ఆగకుండా, పాత పటాలనూ నాటి పాలకమండళ్ల దస్త్రాలనూ సరిచూసి శ్మశానాల హద్దులు గుర్తించవలసిందిగా కోరుతున్నాను. తవ్వక తప్పని చోట అధ్యయనానికీ, తిరిగి పూడ్చడానికీ అయ్యే ఖర్చును ముందే కేటాయించండి. తవ్వనక్కరలేని చోట వారిని కదిలించకుండా, హద్దురాళ్లు నాటించండి. రిజిస్టర్లు మిగిలి ఉన్న చోట ఆ రాళ్లమీద పేర్లు కూడా చెక్కించండి.

భవదీయుడు,
మీ దేశంలో నివసిస్తున్న ఒక రాయలసీమవాసి