మా వారు ఇంటికి వచ్చేశారు, మీ అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా వారు వాకర్ పట్టుకుని వసారా దాకా నడుస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎవరి ఫోనుకీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను కాబట్టి, అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

జబ్బు పేరు గిలియన్-బారే సిండ్రోమ్. డాక్టర్లు జీబీఎస్ అంటారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే సొంత నరాల మీద పడుతుంది. ముందు అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, తర్వాత కాళ్ళు, చేతులు, చివరికి ఊపిరి. ఒంగోలు నుంచి గుంటూరు తీసుకెళ్ళాక వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. తెలివి మాత్రం పోదు. అన్నీ వినబడుతుంటాయి, వేలు కదపలేరు.

ఇమ్యునోగ్లోబులిన్ ఐదు రోజులు వరుసగా ఎక్కించారు. మోతాదు మనిషి బరువును బట్టి ఉంటుంది. ఆయన బొజ్జని ఎన్నోసార్లు వేళాకోళం చేశాను గానీ, ఆ బిల్లు చూశాక నవ్వు రాలేదు. స్త్రీల సమాజం వాళ్ళు క్రిస్మస్‌కని దాచుకున్న డబ్బు మొత్తం తెచ్చి ఇచ్చారు. ఎదురింటి అక్క గాజులు తాకట్టు పెట్టింది. పిల్లల్ని తన ఇంట్లోనే ఉంచుకుని, క్యారేజీలు కట్టి స్కూలుకి పంపింది. ఆవిడ మా సంఘం కాదు, శనివారం వెంకన్నకి దీపం పెట్టే మనిషి. ఇంకో మాట: ఆ మందు వేలమంది దానం చేసిన ప్లాస్మా నుంచి తయారవుతుందట. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో నాకు ఎప్పటికీ తెలియదు. వాళ్ళకీ వందనాలు.

శోధనలు వచ్చినప్పుడు మహానందంగా ఎంచుకోమని యాకోబు రాశాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ వచనం కంఠతా చెప్పి పెన్సిల్ బహుమతి తెచ్చుకున్నదాన్ని. ఐసీయూ బయట ఆ మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఏమనేదాన్నో! ఏం పాపం చేశారో, ఏ మొక్కుబడి మర్చిపోయారో గుర్తు చేసుకోమన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చినప్పుడల్లా చిన్న ప్రార్థన చేసి, "తిన్నావా అమ్మా?" అని అడిగేవారు. అంతే.

మా సంఘ పెద్ద ఒకాయన ఒక రాత్రి నా పక్క కుర్చీలో కూర్చుని ధాత కరువు సంగతి చెప్పారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరికేలా చూశాడు. గింజల కోసం ఎవరూ మతంలోకి రాకూడదని, అంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "కూలీ లేదు, గింజా లేదు. అప్పుడొచ్చారమ్మా మన వాళ్ళు" అన్నారాయన. మా వారిని లేపమని ప్రభువుని అడగడం నేను మానలేదు. లేపకపోతే నా గతేమిటన్నది కూడా ఆ రాత్రి నుంచి ప్రభువుతోనే మాట్లాడుకున్నాను. భయం పోలేదు గానీ, నిద్ర పట్టింది.

అయ్యగారి అమ్మాయి సంగతి చెప్పకపోతే ఎలా! పెద్ద అట్ట మీద అక్షరాలు, గుణింతాలు రాసి తెచ్చింది. నేను ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ పోవాలి, కావాల్సిన చోట ఆయన కనుగుడ్లు పైకెత్తాలి. ఒత్తులున్న మాటైతే ఇద్దరికీ చెమటలే. మొదటి రోజు పిల్లల గురించి అడుగుతారనో, వాక్యం చదవమంటారనో అనుకున్నాను. క దగ్గర కళ్ళెత్తారు. దీర్ఘం. తర్వాత ఫ. గుడి దీర్ఘం. కాఫీ! గొంతులో గొట్టం పెట్టుకుని కాఫీ అడుగుతున్నాడు మనిషి. నేనూ నర్సమ్మా పగలబడి నవ్వాం. ఆ రోజు ఆయనకి ఏదీ నయం కాలేదు, బిల్లూ తగ్గలేదు. అయినా పిల్లలకి ఫోన్ చేసి ఈ సంగతి చెబుతుంటే నా గొంతు నిండా సంతోషమే. యాకోబు చెప్పింది దీని గురించేనేమో, నాకైతే అలాగే అనిపించింది.

ఫిజియోథెరపీ ఇంకా చాలాకాలం చేయించాలి. ఎడమ చెయ్యి పట్టు ఇంకా రాలేదు. ప్రార్థనలో ఆ చెయ్యి గుర్తుంచుకోండి.

వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. సంఘంవాళ్ళు, బంధువులు, వీధిలోవాళ్ళు అందరూ రండి. దయచేసి పండ్లు మాత్రం తేవద్దు, ఫ్రిజ్‌లో చోటు లేదు. చేబదులు ఇచ్చి పేరు రాయించనివాళ్ళు మా పెద్దమ్మాయికి చెప్పండి. పుస్తకంలో రాసుకుంటుంది, నెల నెలా కొంత కొంతగా తీరుస్తాం.