మోవర్ బండి స్టీరింగు బాగుచేసి పెట్టిన వాళ్ళకు మా గార్డెన్ సెక్షన్ కృతజ్ఞతలు

కూర్చుని నడిపే గడ్డి మోవర్ స్టీరింగు పావు చుట్టు ఖాళీగా తిరిగిపోతూ, ఎడమ మలుపులో ‘కటక్’మని పన్ను జారుతున్నప్పుడు సాయం పట్టిన అందరికీ తిరుపతి నుంచి మా గార్డెన్ సెక్షన్ వాళ్ళ నమస్కారాలు. ఆటోనగర్ ట్రాక్టర్ మెకానిక్ పెద్దాయనకు, రేణిగుంట రోడ్డు లేత్ అన్నకు, కరకంబాడి రోడ్డు పంచర్ షాపు తమ్ముడికి, చిత్తూరు నుంచి ఫోన్లోనే కొలతలు పంపిన మామిడితోట రైతన్నకు. ఒట్టి థాంక్స్ చెప్పి ఊరుకుంటే వాళ్ళు చేసిన మేలుకు చాలదు. వాళ్ళు చూపించిన పని ఉన్నదున్నట్టు రాస్తే ఇలాంటి బండి ఉన్న ఇంకో నలుగురికి పనికొస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

పెద్దాయనకు మొదటి దండం, కొత్త సెక్టార్ గేరుకు ఆర్డర్ పెట్టబోతుంటే ఆపినందుకు. ఈ బండ్లలో స్టీరింగు రాడ్డు కింది కొనకు పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది విసనకర్రలా ఉండే మందపాటి ఇనుప పళ్ళ రేకును తిప్పుతుంది, దాన్నే సెక్టార్ అంటారు. సెక్టార్ డ్రాగ్ లింకు అనే కడ్డీని లాగుతుంది, డ్రాగ్ లింకు ఒక ముందు చక్రాన్ని తిప్పుతుంది, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు రెండో చక్రాన్ని దాంతోపాటు తిప్పుతుంది. పన్ను జారుతోందంటే అందరి చూపూ సెక్టార్ మీదికే పోతుంది. విప్పి చూస్తే పళ్ళు అరిగే ఉంటాయి కూడా. బండి ఎక్కువసేపు నేరుగానే నడుస్తుంది కాబట్టి అరుగుదలంతా నడిమి నాలుగైదు పళ్ళ మీదే పడుతుంది. చివరి పళ్ళు కొత్తవాటిలా నలుచదరంగా ఉంటే, నడిమివి కొనదేలి వేలికి గుచ్చుకుంటాయి. కానీ వాటిని అంతగా అరగదీసింది స్టీరింగు రాడ్డు కింది బుష్షులో, అంటే రాడ్డు తిరిగే గొట్టం లాంటి ముక్కలో, లూజు. బుష్షు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే రాడ్డు పక్కకు వాలుతుంది, పినియన్ పళ్ళ మొదట్లో పట్టకుండా కొనల మీద నడుస్తుంది. బుష్షు మార్చకుండా సెక్టార్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. “పన్ను ఒకటే కట్టించుకుంటే కాదు సామీ, చిగురు గట్టిగా ఉందా చూడాల” అని ఆయన అన్న మాట ఇప్పుడు మా షెడ్డులో అందరి నోటా ఉంది.

లూజు ఎక్కడుందో పట్టుకోవడానికి ఆయన నేర్పిన పరీక్షకు పెద్ద పనిముట్లు అక్కర్లేదు, ఇద్దరు మనుషులు, ఒక టార్చి చాలు. తాళం చెవి తీసేయాలి, స్పార్క్ ప్లగ్గు వైరు ఊడదీయాలి, బ్యాటరీ మైనస్ విప్పాలి, పార్కింగ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ముందు చక్రాలు మాత్రం నేలమీదే ఉండాలి, బరువు లేకపోతే లూజు దాక్కుంటుంది. ఒకరు స్టీరింగును రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ ఆడిస్తుంటే, రెండో మనిషి పడుకుని టార్చి వేసి, ఒక్కొక్క కీలు మీదా వేలు ఆనించి చూడాలి. ఒక ముక్క కదిలి, దానికి తగిలించిన ముక్క కదలడం లేదంటే జబ్బు ఆ రెండింటి మధ్యే. రాడ్డు పక్కలకు ఊగితే కింది బుష్షు. పినియన్ పైకి లేచి దిగుతుంటే రాడ్డు మీద వాషర్లు అరిగాయి. కడ్డీల కొనల్లో ఉండే బంతి కీలు, అంటే బాల్ జాయింటు, పోతే వేలి కింద ‘టిక్’మని తెలుస్తుంది, కంటికి కనపడకముందే. ముందు చక్రాన్ని పట్టుకుని దాంతోపాటు మలుపు తిరిగే నిలువు కడ్డీ, అంటే స్పిండిలు, పై కొన ఊగితే యాక్సిల్ బుష్షు పోయినట్టు. స్టీరింగు చక్రమే రాడ్డు మీద జారుతుంటే లోపలి ప్లాస్టిక్ గాడులు అరిగి ఉంటాయి, అప్పుడు కింద ఎంత వెతికినా ఏమీ దొరకదు. ఈ పరీక్ష చేస్తే మా బండిలో మూడు చోట్ల తేలింది: రాడ్డు కింది బుష్షు, ఎడమ స్పిండిలు బుష్షులు, డ్రాగ్ లింకు వెనక బాల్ జాయింటు.

స్టీరింగు బిగుసుకుపోయి తిరగకపోతే పరీక్ష వేరు. బండి ముందుభాగం జాకీతో లేపి, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి (జాకీని నమ్మి కిందకు దూరకూడదు), డ్రాగ్ లింకు విప్పి చక్రాలను చేత్తో తిప్పాలి. చక్రాలు బిగువుగా ఉంటే స్పిండిళ్ళలో తుప్పు. చక్రాలు తేలిగ్గా తిరిగి, స్టీరింగు ఒక్కటే బరువుగా ఉంటే లోపం రాడ్డు వైపు.

పంచర్ షాపు తమ్ముడి సాయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సగం ఇబ్బంది అక్కడే తీరింది. ఈ బండ్ల మాన్యువళ్ళలో ఎక్కువగా ముందు టైర్లకు 14, వెనక టైర్లకు 10 పీఎస్ఐ గాలి అని ఉంటుంది. కారు అలవాటున 30 కొట్టిస్తే టైరు రాయిలా ఎగురుతుంది, పచ్చిక మీద పట్టు ఉండదు. ఒక పక్క 14, ఇంకో పక్క 7 ఉంటే బండి తక్కువ గాలి ఉన్న పక్కకే లాగుతుంది, టై రాడ్డు వంగిందేమో అని అనుమానం వస్తుంది. కారు గేజీలో 15 లోపు అంకెలు సరిగా చూపవు. ఆ తమ్ముడు వెతికి తక్కువ ప్రెషర్ గేజీ తెచ్చి మరీ రెండు పక్కలా సమానం చేశాడు. సీమతుమ్మ ముళ్ళకు ట్యూబ్‌లెస్ టైరు నిలవడం లేదని ముందు రెండింటికీ ట్యూబులు వేసి, వేసే ముందు లోపల చెయ్యి తిప్పి విరిగిన ముళ్ళ మొనలన్నీ ఏరేశాడు. ఆ ఓపికకు ప్రత్యేకంగా థాంక్స్.

లేత్ అన్న పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎడమ స్పిండిలు బయటికి లాగితే దాని చుట్టూ ఉన్నది గ్రీజు కాదు. మన ఎర్రమట్టీ, వాననీళ్ళూ, పాత గ్రీజూ కలిసి గట్టిపడిన ముద్ద. వేళ్ళ మధ్య నలిపితే గరుకు కాగితంలా గీసుకుపోతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో తడి గడ్డి కోసి, కడిగి, గ్రీజు పెట్టకుండా షెడ్డులో నిలబెడితే ఇదే తయారవుతుంది. స్పిండిలు అసలు సైజు ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. అరిగిన చోట వెర్నియర్ 18.7 చూపించింది, అరుగుదల చుట్టూరా దాదాపు ఒకటే. అందుకే అన్న స్పిండిలును ఎమరీ పేపరుతో నునుపు చేసి, దాని ఇప్పటి సైజుకు తగ్గట్టు గన్‌మెటల్ బుష్షులు తీశాడు. లోపలి బోరుకు పదోవంతు మిల్లీమీటరు ఖాళీ, లోపల గ్రీజు నిలవడానికి ఒక గాడి, ఆ గాడి గ్రీజు నిపిల్ రంధ్రానికి ఎదురుగా వచ్చేటట్టు గుర్తు. మొదటి జత బోరు కాస్త బిగువై, యాక్సిల్లోకి ప్రెస్ చేసేసరికి స్పిండిలు పట్టేసింది. బయటి నుంచి నొక్కితే బోరు ఇంకాస్త ముడుచుకుంటుంది, అందుకే ప్రెస్ చేసిన తర్వాత రంధ్రాన్ని సైజుకు చెక్కే రీమరు వేయాలి. రెండోసారి చేసిన ఆ పనికి కూలి తీసుకోలేదు. అరుగుదల ఒకే పక్క అర మిల్లీమీటరు దాటితే మాత్రం బుష్షుతో లాభం లేదు, స్పిండిలే మార్చాలి.

అరిగిన పళ్ళకు వెల్డింగు పోసి ఫైలుతో (ఆకురాయితో) అరగదీయమని కొందరు చెబుతారు. ఆ అన్నే వద్దన్నాడు. పలచటి రేకు వేడికి వంకర పోతుంది, పోసిన పన్ను పక్క పళ్ళకంటే గట్టిదై పినియన్‌ను కొరుకుతుంది. సెక్టార్‌ను తిరగేసి వేసినా నడిమి పళ్ళు నడిమిలోకే వస్తాయి. సెక్టార్, పినియన్ రెండూ జతగా మార్చడమే మేలు, అదీ బుష్షులు సరిచేశాకే.

చిత్తూరు రైతన్న లేకపోతే టై రాడ్డు పని తెమిలేది కాదు. కట్ట రాయికి తగిలి మా టై రాడ్డు వంగింది, వంగిన రాడ్డును కొలిస్తే అసలు పొడవు రాదు. మామిడి చెట్ల సాళ్ళ మధ్య గడ్డికి అదే మోడల్ బండి వాడుతున్న ఆయన, రాడ్డు విప్పి, టేపు పక్కన పెట్టి, ఒక రంధ్రం నడిమి నుంచి రెండో రంధ్రం నడిమిదాకా మూడుసార్లు కొలిచి ఫోటోలు పంపాడు. సెక్టార్‌కూ పినియన్‌కూ కలిసే పన్ను ఏదో తెలిసేలా చక్రాలు నేరుగా పెట్టి తీసిన ఫోటో కూడా. ఈ గుర్తు చాలా ముఖ్యం. ఒక్క పన్ను తేడాగా బిగించినా బండి ఒక పక్కకు పూర్తిగా తిరిగి, రెండో పక్క సగంలోనే ఆగిపోతుంది. విప్పేముందే తెల్ల పెయింటుతో రెండింటి మీదా చుక్క పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

బిగించేటప్పుడు ఆయన గుర్తుచేసిన మాటలు ఇంకొన్ని. నైలాన్ లాక్ నట్లు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. యాక్సిల్ నడిమి పివట్ బోల్టు బిగిశాక యాక్సిల్ పైకీ కిందకీ స్వేచ్ఛగా ఊగాలి, ముందుకూ వెనక్కూ మాత్రం జరగకూడదు. అమెరికా డిజైన్ బండ్లలో నట్లు అంగుళాల సైజుల్లో ఉంటాయి, అర అంగుళం స్పానరు పట్టే నట్టుకు 13 నంబరు స్పానరు ఎక్కినట్టే ఎక్కి మూలలు గుండ్రం చేసేస్తుంది. చివర్లో ముందు టైర్ల నడిమి గీత మీద, ఇరుసు ఎత్తులో, ముందుపక్క చాక్‌పీసుతో గుర్తు పెట్టి రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. చక్రాలు అర చుట్టు తిరిగేలా బండిని తోసి అవే గుర్తులు వెనక్కి వచ్చాక మళ్ళీ కొలవాలి. ముందుపక్క కొలత వెనకపక్క దానికంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. సైజు మార్చుకునే వీలున్న టై రాడ్డు అయితే అక్కడ సరిచేసుకోవచ్చు. వీలులేని మోడళ్ళలో తేడా కనపడితే రాడ్డో స్పిండిలు చెయ్యో వంగిందని అర్థం.

ఇప్పుడు స్టీరింగు ఖాళీ రెండు వేళ్ళంతే. దాన్ని అలా ఉంచడానికి ప్రతి 25 గంటలకు గ్రీజు గన్ను పెడుతున్నాం, వానల్లో ఇంకా ముందే. ముందు చక్రాలు గాలిలోకి లేపి పెడితే బరువు పడే పక్కకు కూడా గ్రీజు చేరుతుంది, పాత ముద్ద పోయి శుభ్రమైన గ్రీజు బయటికి వచ్చేదాకా పంపు కొట్టాలి. నైలాన్ బుష్షులు ఉన్నచోట మాత్రం గ్రీజు, నూనె వద్దు, దుమ్ము పట్టి అవే అరుగుతాయి. అంతగా కావాలంటే పొడి గ్రాఫైటు కొంచెం చాలు. నిలబడిన బండి మీద స్టీరింగు బలవంతంగా తిప్పే అలవాటు డ్రైవర్లందరం మానేశాం. బరువంతా ఆ నడిమి పళ్ళ మీదే పడుతుంది, బండి కొంచెం కదులుతుండగా తిప్పితే చాలు. రెండు లివర్లతో నడిచే జీరో టర్న్ బండ్లకు సెక్టార్, పినియన్ ఉండవు. అవి పక్కకు లాగితే మొదట టైర్ల గాలి, తర్వాత రెండు పక్కల వేగం సమానం చేసే ట్రాకింగ్ బోల్టు చూసుకోవాలి.

మా పాత సెక్టార్, అట్ట మీద గీసిన దాని ఆకారం, గన్‌మెటల్ బుష్షు సైజులు రాసిన కాగితం మూడూ రేణిగుంట రోడ్డులో లేత్ అన్న దగ్గరే వదిలిపెట్టాం. ఇదే రకం బండి ఉన్నవాళ్ళు తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆ షాపుకు వెళ్ళి అడిగి చూసుకోవచ్చు.