పోటీ కరపత్రంలో కాగితం సంగతి రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఇంటి దగ్గరే పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. బతుకమ్మకు ముందు ఊళ్లో జరిగిన ఒక చిత్రలేఖన పోటీకి నా దగ్గర నేర్చుకునే ఆరో తరగతి పాప వెళ్లింది. వాళ్ల నాన్న కొనిచ్చిన ఆల్కహాల్ మార్కర్లతో తంగేడు పువ్వు మొదలుపెట్టింది. అక్కడ ఇచ్చింది జిరాక్స్ కాగితం. పసుపు గీత దాటి పాకింది, కింద పెట్టుకున్న అట్టకూ అంటింది. ఇంటికొచ్చి "మేడం, నాకు రంగులు కలపడం రాలేదు" అంది. ఆ షీటు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

పాపకు కలపడం వచ్చు. ఈ మార్కర్లలో రంగు ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది, అది ఇట్టే ఆరిపోతుంది. ఆరేలోపు రెండో షేడు పడితేనే రెండూ నున్నగా కలుస్తాయి. జిరాక్స్ కాగితం సిరాను వెంటనే లాగేసుకుంటే పైన తడి ఎక్కడ మిగులుతుంది? అలాగని మందం ఒక్కటే చూస్తే చాలదు. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు కాగితం బరువు 300 గ్రాములు) వాటర్ కలర్ షీటు గరుకుగా ఉంటే సిరా తాగేస్తుంది, పెన్ను మొన పీచు లేస్తుంది. మార్కర్ల కోసమే చేసే కాగితం, మార్కర్ ప్యాడ్, 70 జీఎస్ఎం ఉన్నా వెనక పూత ఉంటుంది కాబట్టి సిరా అవతలికి దిగదు. నేను పిల్లలతో వాడించేది 200 జీఎస్ఎం దాటిన నున్నటి బ్రిస్టల్ షీటు, అంటే దళసరి డ్రాయింగ్ కాగితం. అది లేనప్పుడు ఐవరీ షీటు, అదీ ఒక మూల గీసి చూశాకే.

తంగేడు రేక మా ఇంట్లో ఇలా వేయిస్తాను. ముందు ఫ్యాను ఆపేస్తాం, కిటికీ తెరిచి ఉంచుతాం. ఒక రేక మొత్తం లేత పసుపు. తడి ఉండగానే రేక మొదలు దగ్గర ముదురు పసుపు, అక్కడి నుంచి కొసకు విసిరినట్టు చిన్న గీతలు. వెంటనే మళ్లీ లేత పసుపుతో ఆ రెండూ కలిసే చోట రుద్దితే అంచు కరిగిపోతుంది. ఆ తర్వాతే రెండో రేక. గునుగు పువ్వుకైతే తెల్ల కాగితాన్నే వదిలేయాలి, ఎందుకంటే ఈ సిరా అడుగు రంగును కప్పదు, పైన తెలుపు వేయలేం.

తల్లిదండ్రులకు ఒక మాట. అరవై పెన్నుల సెట్టు వద్దు. ఒకే రంగులో లేత, మధ్య, ముదురు మూడు కొని, మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి.

పోటీలు పెట్టే పెద్దలకు నా విన్నపం: ఇచ్చే షీటు ఏదో, ఎన్ని జీఎస్ఎమ్మో కరపత్రంలో ఒక్క లైను రాయండి. మంచి షీటు కొనే వీలు లేకపోతే పిల్లలనే తెచ్చుకోనివ్వండి. ఇంట్లో గీసిన బొమ్మలు తెస్తారన్న అనుమానం ఉంటే, మొదలుపెట్టే ముందు ఖాళీ షీటు వెనక మీ ముద్ర వేసి ఇస్తే సరిపోతుంది.

— ఒక డ్రాయింగ్ టీచర్, హనుమకొండ