ఫోనెత్తడం లేదని రాస్తున్నా

అమ్మలూ,

పెద్దత్త పంపిన సున్నుండలు అందాయా? ఆ డబ్బా మూత వదులు. నీళ్ల పళ్లెంలో పెట్టుకో, లేకపోతే చీమలు పట్టేస్తాయి. ఇక్కడ అంతా మామూలే. తులసికోట పక్క గోడ మళ్లీ చెమ్మెక్కింది. మీ నాన్న లెక్కలో ఈసారీ తప్పు పెయింటువాడిదే.

నీ గొంతు విని మూడు వారాలైంది. నీ ఆకు రసం ఎలుకల షుగరు తగ్గించలేదట, థీసిస్‌లో ఆ ఛాప్టరు తీసేస్తున్నావట. బుజ్జిగాడు చెప్పాడు. అందుకని రాయడం లేదులే, ఊరికే.

1980లో ఇంగ్లండులో గుండెపోటు వచ్చిన వంద మంది లోపు రోగుల మీద లోర్‌కైనైడ్ అనే మందు పరీక్షించారు. గుండె లయ కుదుటపడింది. కానీ మందు తీసుకున్నవాళ్లలో తొమ్మిది మంది పోయారు, ఉత్తుత్తి మాత్రల వైపు ఒక్కరే. యాదృచ్ఛికమేమో అనుకున్నారు. ఈలోపు వ్యాపార కారణాలతో కంపెనీ ఆ మందునే వదిలేసింది, ఫలితం బీరువాలో ఉండిపోయింది. ఆ తరగతి మందులే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తర్వాత ఎందరికో రాశారు. వాటితో చావులు పెరుగుతున్నాయని 1989లో అమెరికాలో ‘కాస్ట్’ ట్రయల్లో ఆపాల్సొచ్చింది. ఇంగ్లండు డాక్టర్లు తమ ఫలితం అచ్చువేసింది 1993లో! ముందే వేసుంటే హెచ్చరికగా పనికొచ్చేదేమోనని వాళ్లే ఒప్పుకున్నారు.

నీ ఆకు రసం ఎవరి ప్రాణమూ తియ్యదులే. కానీ ఇంకో ల్యాబులో ఇంకో పిల్ల అదే ఆకు నూరుకుంటూ కూర్చుంటుంది.

రాసేటప్పుడు, పి విలువ, అంటే రసానికి ఏ ప్రభావమూ లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం, 0.05 దాటింది కాబట్టి ‘పనిచెయ్యదు’ అనకు. గుంపుకి పన్నెండు ఎలుకలతో, స్టాండర్డ్ డీవియేషన్‌కి (ఎలుకకీ ఎలుకకీ మామూలుగా ఉండే హెచ్చుతగ్గులకి) సుమారు 1.2 రెట్లున్న తేడా అయితేనే నూటికి ఎనభై సార్లు పట్టుబడుతుంది. సగం డీవియేషన్ తేడా పట్టాలంటే గుంపుకి 64 కావాలి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అదే అసలు తేడా ఉండగల హద్దులు, లెక్కగట్టి పెట్టు. అది వెడల్పుగా ఉంటే ‘తేలలేదు’ అనే రాయాలి. సున్నా చుట్టూ ఇరుగ్గా ఉంటేనే ‘లేదు’ అనే హక్కు. ఆకు ఏ నెలలో కోశారు, ఏ ద్రావకంలో తీశారు, ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంది, రక్తం తీసేముందు ఎన్ని గంటలు తిండి ఆపావు, అన్నీ పెట్టు. రసమే పాడై ఉండొచ్చుగా అనే పేపరు చూసేవాళ్లు మొదట అడుగుతారు. ప్లాస్ వన్ లాంటి పత్రికలు ఇలాంటి పేపర్లు తీసుకుంటాయి. ముందు బయోఆర్కైవ్‌లో (పత్రిక చూడకముందే పేపరు పెట్టుకునే సైటు) పెట్టేసినా సరే.

పాఠం మొదలెట్టావా అంటావు. సరే, ఆపేశా. రాత్రిళ్లు ల్యాబులో ఏసీ కింద కూర్చోకు, శాలువా కప్పుకో.

తెలిసిన షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చిన గుంపులో షుగరు తగ్గిందా? అది తగ్గితే నీ ఎలుకలూ, మీటరూ బాగున్నట్టే, ఛాప్టరు నిలుస్తుంది. ఫోనెత్తకపోయినా ఆ ఒక్క ముక్క మెసేజ్ పెట్టు. సున్నుండల సంగతి కూడా.

అమ్మ