కంపెనీ తర్వాత, ముందు నీ తల చూసుకో మామా

రేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాసినావు, చాలా సంతోషం. చెల్లెమ్మనీ పాపనీ అడిగినానని చెప్పు. ఇక్కడ తిరుపతిలో ఎండలు అప్పుడే ముదిరిపోయినాయి. మధ్యాహ్నం లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ పడిందంటే ఎప్పుడు వదులుతారా అని చూడాల్సిందే.

నువ్వు అడిగింది కూడా ఆ ఎండ సంగతే కదా. రెండు వేలు దాటకూడదు, తల ఉడికిపోకూడదు, గడ్డం దాకా ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెటే కావాలి, ఏ కంపెనీది కొనమంటావు అని. ఫుల్ ఫేస్ అని నీకు నువ్వే తేల్చుకున్నందుకు ముందుగా శెభాష్. వారం వారం చిత్తూరు నుంచి హైవే మీద వచ్చేవాడివి, హాఫ్ హెల్మెట్ నీకు పనికిరాదు. బండి మీద నుంచి పడితే నడినెత్తే నేలకు తగలాలని రూలేమీ లేదు. గడ్డం తగులుతుంది, దవడ తగులుతుంది. హాఫ్ హెల్మెట్‌లో అక్కడ అడ్డం ఏమీ ఉండదు.

కంపెనీ గురించి తర్వాత మాట్లాడదాం. ముందు చెల్లెమ్మ దగ్గర కుట్టుమిషన్ టేపు తీసుకుని నీ తల కొలిపించుకో. కనుబొమలకు ఒక వేలు పైన, చెవుల మీదుగా, వెనకాల తల బాగా ఉబ్బెత్తుగా ఉండేచోట టేపు పోవాల. రెండు మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చిన లెక్క రాసుకో. మీడియమా లార్జా అని మాత్రం గుర్తు పెట్టుకోవద్దు, సెంటీమీటర్లే గుర్తు పెట్టుకో. ఎందుకంటే 58 అంటే ఒక కంపెనీలో మీడియం, ఇంకో కంపెనీలో అదే 58 లార్జ్. పాత హెల్మెట్ లార్జ్ కదా అని ఆన్‌లైన్‌లో లార్జ్ నొక్కేస్తే వచ్చేది వేరే సైజు.

కొలత సరిపోయినా పని అయిపోదు. కొందరి తల గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందూ వెనకా పొడుగ్గా ఉంటుంది. ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కో రకం. అందుకే అంగట్లో పెట్టుకుని చూడాల్సిందే అంటున్నా. పట్టీ రెండు కొసలూ చెరో పక్కకి లాగి పట్టుకుని తలకు దించు. దించేటప్పుడు చెవులు కొంచెం ఒరుసుకుంటాయి, భయపడొద్దు. పెట్టుకున్నాక బుగ్గలు లోపలికి నొక్కుకుని, మాట్లాడితే బుగ్గ పళ్లకు తగిలేటట్టు ఉండాల. అంగడాయన "టైట్ అయితే ఒక సైజు పెద్దది ఇస్తా సార్" అంటాడు. తీసుకోవద్దు. కొత్త చెప్పుల మాదిరి, కొన్నాళ్లు వాడితే ఆ స్పాంజ్ నీ ముఖానికి సర్దుకుంటుంది. ఇప్పుడే హాయిగా ఉండేది ఆరు నెలలకు వదులైపోతుంది.

తర్వాత పట్టీ బిగించి, గడ్డం దగ్గర హెల్మెట్‌ని పట్టుకుని ఎడమకీ కుడికీ తిప్పు. నుదుటి చర్మం, బుగ్గలు దాంతో పాటే కదలాల. తల అట్లే ఉండి హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే అది నీది కాదు. వెనక అంచు కింద చేతులు పెట్టి ముందుకు ఎత్తి చూడు, ఊడి రాకూడదు. ఇవన్నీ అయినాక దాన్ని తీయకుండా పది పదిహేను నిమిషాలు అంగట్లోనే కూర్చో. మొహమాటపడొద్దు, డబ్బులిచ్చేది మనం. తీసినాక అద్దంలో నుదురు చూసుకో. నుదుటి మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలి, అక్కడే నొప్పి ఉంటే ఆ అచ్చు నీ తలకు పడదు. ఆ నొప్పి తగ్గేది కాదు, దారిలో పాకాల దాటేలోగా తలనొప్పి ఎత్తుకుంటుంది. చెంపలన్నీ సమానంగా కొంచెం ఎర్రబడితే మాత్రం ఏమీ కాదు. నీ కళ్లద్దాలు కూడా తీసుకునిపో. హెల్మెట్ పెట్టుకున్నాక అద్దాల కాడలు కణతల దగ్గర వంగకుండా నేరుగా దూరాల.

మన ఊళ్లోవాళ్లకు ఇంకో సంగతుంది. మొక్కు ఉందని రాసినావు కదా, కొండకు పోయి గుండు చేయించుకుంటానని. ఒత్తు జుట్టు మీద సరిపోయిన హెల్మెట్ గుండు మీద వదులవుతుంది. గుండు మీద కొన్నది జుట్టు పెరిగినాక బిగుసుకుంటుంది. అందుకే పట్టు బుగ్గల దగ్గర చూసుకోమంటున్నా. జుట్టు పోయినా బుగ్గలు ఎక్కడికీ పోవు. బండి మీద కొండ దిగేది 1944లో వేసిన ఆ మొదటి ఘాట్ రోడ్డులోనే, అన్నీ మలుపులే. మలుపు మలుపుకీ తల తిప్పాల. అప్పుడు హెల్మెట్ ఊగితే చూపు తప్పిపోతుంది. గుండు చేయించుకున్న రోజు పల్చటి నూలు గుడ్డ తలకు చుట్టుకుని దాని మీద పెట్టుకో. కొత్తగా గొరిగిన తల మీద చెమట పడితే భగ్గున మండుతుంది.

ఇంక డబ్బుల సంగతి. వెయ్యి నుంచి రెండు వేల లోపల స్టడ్స్, వేగా, స్టీల్‌బర్డ్ మూడింట్లోనూ మంచి ఫుల్ ఫేస్‌లు దొరుకుతాయి. మూడూ మన దేశానివే. మూడూ పెట్టి చూసి ఏది నీ తలకు కూర్చుంటే అది తీసుకో. ఎక్కువ డబ్బులు పెడితే పై డొప్ప ఫైబర్‌ది వస్తుంది, గాలి చప్పుడు తగ్గుతుంది, లోపలి గుడ్డ మెత్తగా ఉంటుంది. కానీ నాలుగు వేలది వదులుగా ఉండేదాని కంటే పదిహేను వందలది తలకు పట్టి ఉండేది నిన్ను బాగా కాపాడుతుంది. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాటి జోలికి పోవద్దు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే చట్టప్రకారం తప్పు. ఐఎస్ఐ స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు, కాబట్టి గుర్తు పైన ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరూ ఉన్నాయా చూడు. ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థవాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. లోపల వేలితో నొక్కి కూడా చూడు. మెత్తటి స్పాంజ్ వెనకాల గట్టి థర్మోకోల్ తగలాల. దెబ్బని తీసుకునేది అదే, నలిగి నిన్ను కాపాడుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాల.

వేడి సంగతి చెప్తా. నుదుటి దగ్గర గాలి రంధ్రాలు, వెనకాల గాలి బయటికి పోయే రంధ్రాలు రెండూ ఉండాల. పైకి రంధ్రం కనిపించి లోపల థర్మోకోల్‌లో దారి లేకపోతే అది అలంకారమే. గుడ్డ పక్కకి జరిపి చూడు. తెల్ల రంగు తీసుకో, నల్లదాని కంటే ఎండకు తక్కువ కాగుతుంది, రాత్రి లారీవాడికి కనిపిస్తుంది కూడా. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునేటట్టు ఉండేది తీసుకో. మన చెమటకు అది తప్పదు. షాంపూ నీళ్లలో పిండి నీడలో ఆరేయడమే. ఇంత చేసినా సిగ్నల్ దగ్గర ఉక్కపోస్తుంది. అక్కడ గ్లాస్ పైకి ఎత్తుకో, కదలగానే దించేసేయ్.

గ్లాస్ తెల్లదే తీసుకో. నల్ల గ్లాస్ పగలు బాగానే ఉంటుంది, పొద్దుగూకినాక హైవేలో ఎదురు లైట్ల మధ్య గుంత కనిపించదు. పెట్రోల్‌తో, థిన్నర్‌తో హెల్మెట్ తుడవొద్దు, డొప్ప పాడవుతుంది. బండి అద్దానికి తగిలించొద్దు, ఆ కొస లోపల థర్మోకోల్‌ని గుచ్చుతుంది.

చెల్లెమ్మకి కూడా అప్పుడే ఒకటి కొను. వెనకాల కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాల్సిందే, చట్టం కూడా అదే చెప్తుంది. పట్టీ పెట్టుకోకపోతే పెట్టుకున్న లెక్కే కాదు. దొరికితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి కింద వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్స్ పోతుంది. నేను చెప్పేది ఆ వెయ్యి కోసం కాదని నీకు తెలుసు. పాపకి నాలుగేళ్లు నిండినాయి కాబట్టి తనకీ కావాల, పిల్లల సైజుదే. పెద్దవాళ్లది పెడితే మెడకు బరువు.

వచ్చే ఆదివారం బయల్దేరి రా. తల కొలతలు ముగ్గురివీ రాసుకుని రా, అంగట్లో తొందరపెట్టేవాళ్లని నేను చూసుకుంటా. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం, రాగి సంగటి చేయమని ఇంట్లో చెప్పేసినా.

ఉంటా,
నీ తిరుపతి మామ