బిల్ వాల్ష్ అడుగుల లెక్క

ప్రియమైన రవీ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఫ్రీమాంట్‌లో ఇల్లు తీసుకున్నప్పటి నుంచి ఇరుగుపొరుగు నోట ఫార్టీనైనర్స్ అనే శాన్ ఫ్రాన్సిస్కో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మాట, దాని వెంటే బిల్ వాల్ష్ పేరు వింటున్నానని రాశావు. మైదానం పక్కన నిలబడే కోచ్‌కి ఇంత పేరేమిట్రా అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు మీ ఊరితోనే మొదలుపెడతా. ఫ్రీమాంట్ బులెవార్డ్ మీద వాషింగ్టన్ హైస్కూల్ ఉంది చూడు, 1957లో వాల్ష్ హెడ్ కోచ్‌గా మొదలుపెట్టింది అక్కడే. 1960లో బర్కిలీ, 1963లో స్టాన్‌ఫర్డ్, 1966లో ఓక్లండ్ రెయిడర్స్, ఈ మూడుచోట్లా సహాయకుడే. ఆ ఉద్యోగం తీరే అంత. హైస్కూల్, కాలేజీలో సహాయకుడు, ప్రొఫెషనల్ జట్టులో ఏదో ఒక స్థానానికి కోచ్, ఆ తర్వాత దాడికో కాపలాకో మొత్తం బాధ్యుడైన కోఆర్డినేటర్, చివరికి హెడ్ కోచ్. ఒక్కో మెట్టుకీ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

అసలు కథ 1968లో సిన్సినాటిలో మొదలైంది. బెంగాల్స్ అప్పుడే పుట్టిన జట్టు, హెడ్ కోచ్ పాల్ బ్రౌన్, వాల్ష్ అక్కడా సహాయకుడే. 1969లో గ్రెగ్ కుక్ అనే కొత్త కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి అందుకుని పాస్‌లు విసిరేవాడిగా వచ్చాడు. బంతిని ఎంత దూరమైనా విసిరే చెయ్యి. మొదటి సీజన్లోనే భుజం దెబ్బతింది, మళ్లీ మునుపటిలా ఆడలేకపోయాడు. 1970లో అతని చోటికి వర్జిల్ కార్టర్ వచ్చాడు. తెలివైనవాడు, గురి ఉన్నవాడు, చురుగ్గా కదిలేవాడు. కానీ చెయ్యి బలం తక్కువ, దూరం పాస్ పడదు. వాల్ష్‌కి పేరు తెచ్చిన పద్ధతి ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. దాన్ని ఇప్పుడు వెస్ట్ కోస్ట్ అఫెన్స్, అంటే పశ్చిమ తీరపు దాడి అంటున్నారు కానీ అది పుట్టింది సిన్సినాటి ఉన్న ఒహాయోలో.

బంతి పట్టుకుని పరిగెత్తితే ఒకసారికి మూడు నాలుగు గజాలు వస్తాయి. ఆ మూడు నాలుగు గజాల్నే చిన్న పాస్‌తో ఎందుకు తెచ్చుకోకూడదు అన్నది వాల్ష్ ఆలోచన. మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు. ముందుకు దూరంగా విసరలేకపోతే పక్కలకి సాగదీయొచ్చు. ఐదుగురిని ఐదు చోట్లకి పంపితే కాపలాదారుల మధ్య ఎక్కడో ఒక సందు పడుతుంది.

ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం. ఎందుకంటే ఇదంతా పాదాల మీద నడుస్తుంది. స్లాంట్ అనే పాస్‌నే తీసుకో. అంచున నిలబడ్డ రిసీవర్, అంటే పాస్ పట్టేవాడు, మూడడుగులు నేరుగా పరిగెత్తి, బయటివైపు కాలు గట్టిగా నాటి, ఏటవాలుగా లోపలికి తిరుగుతాడు. అదే సమయంలో క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని సరిగ్గా మూడడుగులు వెనక్కి వేసి విసిరేస్తాడు. రిసీవర్ తల తిప్పేసరికే బంతి గాల్లో ఉండాలి. కాస్త దూరం పరుగులకి, అంటే పది పన్నెండు గజాల వాటికి, ఐదడుగులు. ఐదో అడుగు నాటగానే మొదటివాడికి విసరాలి. అతను ఖాళీగా లేకపోతే చిన్న అడుగు ముందుకి జరిపి రెండోవాడిని చూడాలి, వాడూ కాకపోతే మూడోవాడిని. ఆ మూడోవాడు తరచుగా దగ్గర్లో తిరిగే రన్నింగ్ బ్యాక్, అంటే మామూలుగా బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. చూడాల్సిన వరుస ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఎక్కడ చెడుతుందో తెలుసా? రిసీవర్ కాలు నాటకుండా గుండ్రంగా తిరిగితే కాపలాదారు ముందుకొచ్చి బంతి లాక్కుంటాడు. క్వార్టర్‌బ్యాక్ అడుగులు బద్ధకంగా పడితే రిసీవర్ ఆ సందు దాటిపోయాక బంతి వస్తుంది. బంతి వీపు వెనక్కి పడితే రిసీవర్ ఆగి ఒళ్లు తిప్పి పట్టుకోవాలి. అక్కడితో ఆ ఐదు గజాలే మిగులుతాయి, ఖర్మ కాలితే వేళ్లకి తగిలి పైకి లేచి అవతలివాడి చేతిలో పడుతుంది. అదే బంతి రొమ్ముకి జానెడు ముందు పడితే పరుగు ఆగదు, ఐదు గజాలు పదిహేనవుతాయి. అందుకే వాల్ష్ సాధనలో పాస్ అందింది కదా అని ఊరుకునేవాడు కాదు, ఎక్కడ అందిందో చూసేవాడు. నాకు అతనిలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

ఆ 1970 సీజన్లో బెంగాల్స్ మొదటి ఏడాటల్లో ఆరు ఓడి, ఆ తర్వాత వరుసగా ఏడు గెలిచి తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తమ గుంపులో మొదటి స్థానం కొట్టారు. తర్వాత కెన్ ఆండర్సన్ అనే చిన్న కాలేజీ కుర్రాడిని వాల్ష్ తీర్చిదిద్దాడు. 1974, 1975 రెండేళ్లూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాసర్ రేటింగ్, అంటే పాస్‌లు ఎంత బాగా విసిరారో చెప్పే లెక్క, అతనిదే. ఇంత చేశాక, 1975 సీజన్ అయ్యి బ్రౌన్ తప్పుకుంటే ఆ కుర్చీ వాల్ష్‌కే అనుకుంటాం కదా? బ్రౌన్ దాన్ని బిల్ జాన్సన్‌కి ఇచ్చాడు. వాల్ష్ శాన్ డియేగోకి వెళ్లి ఒక ఏడాది చేసి, 1977లో స్టాన్‌ఫర్డ్ హెడ్ కోచ్ అయ్యాడు. 1979లో ఫార్టీనైనర్స్ పిలిచేసరికి వయసు 47.

చేతికొచ్చిన జట్టు ఎలాంటిదంటే, ముందు ఏడాది 16 ఆటల్లో గెలిచింది రెండే. ఆఖరి జట్టుకి డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, మొట్టమొదటి ఎంపిక దక్కాలి, కానీ పాత యాజమాన్యం ఓ.జె. సింప్సన్ అనే ఆటగాడి కోసం దాన్ని ఎప్పుడో బఫలో జట్టుకి ఇచ్చేసింది. వాల్ష్ 82వ ఎంపికలో క్వార్టర్‌బ్యాక్ జో మోంటానాని, 249వ ఎంపికలో రిసీవర్ డ్వైట్ క్లార్క్‌ని తీసుకున్నాడు. మోంటానా చెయ్యి బలం చాలదని చాలామంది పెదవి విరిచారు. కార్టర్‌తో పనిచేసినవాడికి అది లోపంగా ఎందుకు కనబడుతుంది? అయినా 1979లో గెలిచింది మళ్లీ రెండే, 1980లో ఆరు. 1981 డ్రాఫ్ట్‌లో రానీ లాట్, ఎరిక్ రైట్, కార్ల్‌టన్ విలియమ్సన్ వచ్చారు. ముగ్గురు కొత్తవాళ్లని ఒకేసారి వెనక వరస కాపలాకి పెట్టాడు. ఆ ఏడాది 13 ఆటలు గెలిచారు.

వాల్ష్ ఇంకో అలవాటు, మొదటి ఎత్తుల్ని ముందే రాసిపెట్టడం. సిన్సినాటిలో నాలుగైదుతో మొదలై, ఇక్కడికొచ్చేసరికి 25 దాకా పెరిగింది. ఆట వేడిలో, 60 వేలమంది అరుస్తుంటే బుర్ర సరిగ్గా పనిచేయదు, కాబట్టి చల్లగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. ఒక అమరికకి అవతలివాళ్లు ఎలా నిలబడుతున్నారో మొదట్లోనే చూసుకుని, తర్వాత అదే అమరికతో ఇంకో దెబ్బ కొట్టొచ్చు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి కదా, మూడో ప్రయత్నంలో చాలా దూరం మిగిలినా, గోల్ దగ్గరికొచ్చినా ఆ జాబితా పక్కనపెట్టి, వాటి కోసం విడిగా రాసుకున్నవి తీస్తాడు.

1982 జనవరి 10న డాలస్ జట్టుతో జరిగిన ఆట చూడు. 58 సెకన్లు మిగిలాయి, ఆరో గజం మీద మూడో ప్రయత్నం, 27-21తో వెనకబడి ఉన్నారు. పిలిచిన ఎత్తు స్ప్రింట్ రైట్ ఆప్షన్. మోంటానా కుడివైపు పరిగెత్తాలి, మొదట చూడాల్సింది ఫ్రెడీ సాలమన్‌ని. సాలమన్ కాలు జారింది. రెండోవాడు క్లార్క్ గోల్ వెనక గీత పట్టుకుని తిరిగొస్తున్నాడు. మోంటానా మీదకి ముగ్గురు దూకుతుంటే బంతిని ఎత్తుగా విసిరాడు, అందితే క్లార్క్‌కే అందాలి, లేకపోతే గీత బయటికి పోవాలి. క్లార్క్ ఎగిరి వేలికొసలతో పట్టాడు. గోల్‌కి ఆరు, ఆపై తన్నుకి ఒకటి, 28-27తో ముందుకొచ్చారు. అంతటితో అయిపోలేదు. తర్వాత డాలస్ రిసీవర్ డ్రూ పియర్సన్ బంతి పట్టి దూసుకుపోతుంటే చొక్కా పట్టి లాగి ఆపింది ఆ కొత్త కుర్రాడు ఎరిక్ రైటే.

రెండు వారాల తర్వాత సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఎదురుగా ఎవరో తెలుసా? బెంగాల్స్, క్వార్టర్‌బ్యాక్ కెన్ ఆండర్సన్. 26-21తో వాల్ష్ జట్టే గెలిచింది. 1985 జనవరిలో మయామీని 38-16తో ఓడించి రెండోది. 1989 జనవరిలో మళ్లీ బెంగాల్సే, కోచ్ సామ్ వైష్, ఒకప్పుడు వాల్ష్ దగ్గరే ఆడి, పనిచేసినవాడు. మూడు నిమిషాల చిల్లర మిగలగా 92 గజాలు నడిచి 20-16తో గెలిచారు. చివరి పాస్‌లో మొదట చూడాల్సింది రన్నింగ్ బ్యాక్ రోజర్ క్రెయిగ్‌ని, బంతి పడింది జాన్ టేలర్ చేతిలో. వరుస ముందే రాసిపెట్టడం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ఆ గెలుపుతోనే వాల్ష్ ఆ పదవి వదిలేశాడు. క్రెయిగ్ 1985లో పరుగుతో వెయ్యి గజాలు, పాస్‌లు అందుకుని ఇంకో వెయ్యి చేశాడు. ఒకే సీజన్లో రెండూ చేసిన మొదటివాడు అతనే.

1987లో నల్లజాతి కోచ్‌లకి శిక్షణ శిబిరంలో చోటిచ్చే ఏర్పాటు కూడా వాల్ష్ మొదలుపెట్టిందే. అతని పేరుతో ఇప్పటికీ లీగ్ అంతటా నడుస్తోంది. 2007లో లుకేమియాతో పోయాడు.

ఈసారి శాంటా క్లారాలో ఫార్టీనైనర్స్ ఆటకి వెళ్తే బంతి వెనక పడకు, క్వార్టర్‌బ్యాక్ పాదాలు చూడు. ఇప్పుడు చాలాసార్లు ముందే ఐదు గజాలు వెనక నిలబడి బంతి అందుకుంటున్నారు కాబట్టి ఐదు కాస్తా మూడవుతుంది. చివరి అడుగు నాటాక కూడా బంతి చేతిలోనే ఉండిపోయిందంటే, రిసీవర్లలో ఎవరు ఆలస్యంగా తిరిగారో వెతుకు. ఏం కనబడిందో రాయి.

నీ
శేఖర్